తిమింగలం ఇవ్వని తునక

సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే తిమింగలం ఒంటి మీద నుంచి చర్మం, దాని కింది కొవ్వు కలిసిన చిన్న తునకను దూరం నుంచే తీసుకునే పద్ధతికి బయాప్సీ డార్టింగ్ అని పేరు. ఆస్పత్రిలో బయాప్సీ చేసే ముందు రోగి చేతనో, దగ్గరి బంధువు చేతనో సంతకం పెట్టించుకుంటారు. తిమింగలం తరఫున సంతకం పెట్టేవారు లేరు. అడగడానికి వీలులేని ప్రాణి ఒంటిలోని భాగాన్ని, దాని జాతి మేలు కోసమే అయినా, తీసుకోవచ్చా అన్నది ఈ పద్ధతి వెంట వచ్చే ధర్మప్రశ్న. గాయం చిన్నదే కదా అని ప్రశ్నను కొట్టిపారేసేవారున్నారు. గాయం గాయమే కదా అని పద్ధతినే తోసిపుచ్చేవారూ ఉన్నారు. రెండూ తొందరపాటు జవాబులే.

ముందు పని జరిగే తీరు చూడాలి. పరిశోధకులు చిన్న పడవలో తిమింగలానికి పక్కగా, దాని వేగంతోనే సాగుతారు. అది ఊపిరి కోసం పైకి వచ్చి, మళ్లీ మునగబోతూ వీపు వంచినప్పుడు, 10 నుంచి 30 మీటర్ల దూరం నుంచి క్రాస్‌బౌతో గాని, ఇందుకోసం మార్చిన రైఫిల్‌తో గాని డార్టు వదులుతారు. డార్టు కొసన బోలుగా ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు మొన, లోపల తునకను పట్టి ఉంచే సన్నటి ముళ్లు, వెనక మొన మరీ లోతుకు దిగకుండా ఆపే అడ్డు ఉంటాయి. ఒంటికి తగలగానే డార్టు వెనక్కి ఎగిరి నీళ్లలో పడి తేలుతుంది. దొరికే తునక పెన్సిలు చివర ఉండే రబ్బరంత. పెద్ద తిమింగలాల కొవ్వు పొర అంతకన్నా ఎన్నో రెట్లు మందం కాబట్టి మొన కండను తాకదు. గురి వీపు రెక్క దగ్గరి పక్కభాగం మీదే ఉండాలి, తల వైపు కొట్టకూడదు. మొనను ముందే క్రిమిరహితం చేయాలి. అప్పుడే పుట్టిన పిల్లల జోలికి వెళ్లరాదని అనుమతి పత్రాలు మామూలుగా షరతు పెడతాయి. పుండు కొన్ని వారాల్లో మానుతుంది.

ఆ తునక చెప్పే సంగతులు చాలా. ఆడా మగా, ఎవరి సంతానం, ఏ గుంపుకు చెందింది అన్నవి చర్మంలోని డీఎన్ఏ తెలుపుతుంది. చూలుతో ఉందా, ఏం తింటోంది, పీసీబీ, డీడీటీ వంటి విషాలు ఒంట్లో ఎంత పేరుకున్నాయి అన్నవి కొవ్వు తెలుపుతుంది. ఉత్తర అట్లాంటిక్‌లోని హంప్‌బ్యాక్ తిమింగలాల చర్మపు నమూనాలు 3,060 పోల్చిన ఒక అధ్యయనం 1997లో నేచర్ పత్రికలో వచ్చింది. ఒకసారి నమూనా తీసిన తిమింగలమే మరోసారి ఎదురైన సందర్భాలు అందులో 692 తేలాయి. ఒక్కో తిమింగలాన్ని పేరు పెట్టి పిలిచినంత కచ్చితంగా గుర్తుపట్టగలగడం అది. తిమింగలాల పరిశోధకుడు రోజర్ పేన్ స్థాపించిన ఓషన్ అలయన్స్ 2000 నుంచి 2005 వరకు ఒడిస్సీ అనే నౌక మీద ప్రపంచం చుట్టి, 900కు పైగా స్పెర్మ్ తిమింగలాల నుంచి తునకలు సేకరించింది. ఫ్యాక్టరీలకు ఎంతో దూరాన, నడిసముద్రంలో బతికే ప్రాణుల చర్మంలోనూ క్రోమియం బయటపడింది. అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌లు దాదాపు 70,000 ఏళ్లుగా మిగతా హంప్‌బ్యాక్‌లకు దూరమై వేరుగా ఉంటున్నాయని 2014లో తెలిసింది కూడా ఇలాంటి తునకల వల్లే. ఒమాన్ తీరంలో వాటి సంఖ్య వందకు లోపేనని అంచనా. భారతదేశపు పశ్చిమ తీరం కూడా వాటి తిరుగాడే చోటే. అంత చిన్న గుంపును ప్రత్యేకంగా కాపాడాలన్న వాదనకు ఆ తునకలే బలమిచ్చాయి.

ఈ పద్ధతిని తూచేటప్పుడు దానికి ముందున్న పద్ధతిని మరవకూడదు. 1925లో బ్రిటిష్ డిస్కవరీ పరిశోధనల శాస్త్రవేత్తలు దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవికి వెళ్లి తిమింగలాల గురించి నేర్చుకున్నది వేట స్థావరంలో, కోతకు లాగిన కళేబరాల మీద. 20వ శతాబ్దం మొత్తం మీద మనుషులు చంపిన తిమింగలాలు దాదాపు 29 లక్షలు. వాణిజ్య వేటను ఆపాలని అంతర్జాతీయ తిమింగలాల వేట సంఘం 1982లో నిర్ణయించాక కూడా, శాస్త్ర పరిశోధన కోసమన్న మినహాయింపు కింద జపాన్ అంటార్కిటిక్ సముద్రంలో తిమింగలాలను చంపుతూనే వచ్చింది. 2005లో మొదలైన పథకం కింద చనిపోయిన మింకీ తిమింగలాలే దాదాపు 3,600. ఆ అనుమతులు పరిశోధన కోసం ఇచ్చినవని ఒప్పుకోలేమని 2014 మార్చి 31న అంతర్జాతీయ న్యాయస్థానం 12–4 మెజారిటీతో తీర్పు చెప్పింది. భారతీయ న్యాయమూర్తి దల్వీర్ భండారీ ఆ మెజారిటీలో ఉన్నారు. చంపకుండా తెలుసుకునే మార్గాలను జపాన్ తగినంతగా పరిశీలించలేదన్నది కోర్టు పట్టిన తప్పుల్లో ఒకటి. ఆ మార్గాల్లో ముఖ్యమైనది డార్టే. చంపడంతో పోలిస్తే డార్టు ఎంతో మేలు, సందేహం లేదు. అయితే ఘోరమైన దానికన్నా మేలన్నంత మాత్రాన ఒక పని నిర్దోషమైపోదు. దాన్ని దాని మీదనే నిలబెట్టి విచారించాలి.

మొదటి విచారణ నొప్పి గురించి. జంతువుల పట్ల మనిషి బాధ్యతకు కొలమానం వాటి తెలివో, మాటో కాదని, అవి బాధపడగలవా అన్నదేనని 1789 నాటి గ్రంథంలో జెరెమీ బెంథామ్ వాదించాడు. ఆ కొలమానంతో చూస్తే డార్టుకు అనుకూలమైన సాక్ష్యం చాలానే ఉంది. వెస్టిండీస్‌లోని ఈనిక చోటులో హంప్‌బ్యాక్‌లను గమనించిన 1993 నాటి అధ్యయనంలో దాదాపు సగం వాటిలో కంటికి కనిపించే స్పందనే లేదు. మేత మేసే చోట్ల గమనించినవారికి ఇంతకన్నా ఎక్కువ స్పందన కనిపించింది. తోక విదిల్చడం, గబుక్కున మునగడం అందులో మామూలు. గురి తప్పి డార్టు పక్క నీళ్లలో పడినప్పుడు కూడా తిమింగలాలు కొన్నిసార్లు అలాగే ఉలిక్కిపడ్డాయి. అంటే ఆ ఉలికిపాటులో గాయం వంతు ఎంతో, చప్పుడు వంతు ఎంతో, వెంటపడిన పడవ వంతు ఎంతో విడదీయడం కష్టం. తునక తీయకపోయినా, దగ్గరికి వెళ్లడమే ఒక ఇబ్బంది. ఈ సాక్ష్యాన్ని గౌరవించాలి, కాని దాని హద్దు గుర్తుంచుకోవాలి. కనిపించని స్పందన లేని బాధకు రుజువు కాదు. మూగజీవి ఓర్చుకుందని తెలియడం వేరు, దానికేమీ కాలేదని తెలియడం వేరు.

సగటు లెక్కలు చెప్పని సంగతి మరొకటుంది. మధ్యధరా సముద్రంలో డార్టు కండలోకి దిగి నిలిచిపోయిన ఒక డాల్ఫిన్ చనిపోయింది. 2000లో ఆ సంగతిని శాస్త్ర పత్రికలో ప్రకటించింది పరిశోధకులే. వేలకొద్దీ నమూనాల్లో ఇలాంటిది బహు అరుదు. చనిపోయిన డాల్ఫిన్‌కు మాత్రం తన చావు అరుదైనదన్న ఊరట ఏమీ లేదు.

రెండో విచారణ ఉద్దేశం గురించి. భారతీయ సంప్రదాయాలు హింసను దెబ్బతో మాత్రమే కొలవలేదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ప్రకారం ప్రమాదంతో, అంటే ఏమరుపాటుతో, రాగద్వేషాల మత్తుతో కూడిన ప్రవర్తన వల్ల ప్రాణాలకు జరిగే హాని హింస. అందుకే జైన సాధువులకు నడకలో, మాటలో, వస్తువును ఎత్తడంలో, దించడంలో పాటించాల్సిన జాగ్రత్తలు సమితులన్న పేరుతో వ్రతంలో భాగమయ్యాయి. బౌద్ధం కర్మకు మూలం చేతన, అంటే సంకల్పం, అంటుంది. ఈ దృష్టితో చూస్తే ఒకే డార్టు రెండు వేర్వేరు కర్మలు కాగలదు. ఓపికగా కాచుకుని, కుదరకపోతే ఉత్త చేతులతో తిరిగి వెళ్లడానికి సిద్ధపడిన పరిశోధకుడు వేసింది ఒకటి. అనుమతి గడువు ముగుస్తోందని, నమూనాల లెక్క నిండలేదని తొందరపడి వేసింది మరొకటి. అనుమతి పత్రాల్లోని షరతులను ఆఫీసు నియమాలుగా చూడడం పొరపాటు. క్రిమిరహితమైన మొన, ప్రయత్నాలకు హద్దు, పిల్లలకు మినహాయింపు ఈ కాలపు సమితులు.

ఏమరుపాటు అన్న మాట ఎంత బరువైనదో 2016లో పసిఫిక్ తీరంలో తెలిసింది. సదరన్ రెసిడెంట్ అనే ఓర్కాల గుంపులో అప్పటికి మిగిలినవి 80 పైచిలుకు. అందులో ఎల్95 అనే 20 ఏళ్ల మగ ఓర్కాకు ఫిబ్రవరిలో ఉపగ్రహ ట్యాగు అమర్చారు. కొన్ని వారాలకే అది వాంకూవర్ దీవి తీరంలో శవమై తేలింది. ట్యాగు దిగిన చోటు నుంచి ఫంగస్ ఇన్‌ఫెక్షన్ లోపలికి పాకి ఉండవచ్చని పోస్టుమార్టం తర్వాత నిపుణులు తేల్చారు. ఆ ట్యాగు మొదటి ప్రయత్నంలో గురి తప్పి సముద్రపు నీళ్లలో పడింది. దాన్ని తీసి మళ్లీ వాడే ముందు పూర్తి శుద్ధి విధానం పాటించలేదు. అది బయాప్సీ కాదు, ఒంట్లో ఉండిపోయే పరికరం. అయినా ఆ పడవలో దురుద్దేశం ఎవరికీ లేదు. ఉన్నదల్లా ఒక మెట్టు దాటేసిన జాగ్రత్త. ఉమాస్వాతి హింసను నిర్వచించింది సరిగ్గా ఆ చోటనే.

మంచి ఉద్దేశం గురించి వెంటనే గుర్తొచ్చే ఉదాహరణ శస్త్రవైద్యుడు. సుశ్రుతుడు కత్తి పట్టాడు గాని అది హింస అనిపించుకోలేదు, మేలు చేయడమే దాని పని. తిమింగలం విషయంలో ఈ పోలిక సగం దారిలో ఆగిపోతుంది. వైద్యుడు ఎవరి ఒళ్లు కోస్తాడో, స్వస్థత ఆ మనిషికే. ఇక్కడ గాయం ఒక తిమింగలానిది, ఫలం తిమింగలాల జాతిది. ఫలం నిజంగా అందినా, కొన్నేళ్ల తర్వాత, మరో తరానికి అందవచ్చు. ఒక ప్రాణిని పదిమంది మేలుకు సాధనంగా వాడడం దానికున్న హక్కును తొక్కేయడమేనని 1983లో తత్త్వవేత్త టామ్ రీగన్ వాదించాడు. పర్యావరణ చింతకుడు ఆల్డో లియోపోల్డ్ 1949లో చూపిన దారి వేరు. నేల, నీరు, ప్రాణులు కలిసిన సమూహం నిలవడమే అక్కడ మంచికి కొలత. ఆ లెక్కన ఒక హంప్‌బ్యాక్ ఒంటికి తగిలే సూది దెబ్బ ప్రశ్నే కాదు. రీగన్ మాట పూర్తిగా వింటే అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌ల వేరు తెలిసేదే కాదు. లియోపోల్డ్ మాట పూర్తిగా వింటే ఆ ఓర్కా చావు ఒక లెక్క తప్పుగా మిగులుతుంది.

ఈ చిక్కుముడిని విప్పడానికి పాత యజ్ఞవాదం బాగా పనికివస్తుంది. వేదం విధించిన హింసలో పాపం లేదని మీమాంసకులు అన్నారు. విధి ఉంది కాబట్టి దోషం లేదు. సాంఖ్యులు ఒప్పుకోలేదు. యజ్ఞఫలం నిజమే, కాని ఆ ఫలంలో జరిగిన హింస తాలూకు మలినం కలిసే ఉంటుందని సాంఖ్యకారిక అభిప్రాయం. ఆ మలినం కొద్దిపాటిదని, ప్రాయశ్చిత్తంతో పోగొట్టుకోదగినదని, మిగిలితే భరించదగినదని పంచశిఖాచార్యుల మాటగా వాచస్పతి మిశ్రుడు వివరించాడు. ఈ కాలపు పరిశోధకుడికి విధి అనుమతి పత్రం. పత్రం ఉంది కాబట్టి చేసిన పనిలో దోషం లేదనుకునేవారు, తెలియకుండానే మీమాంసకుల పక్షాన నిలబడుతున్నారు. సాంఖ్యుల జవాబే ఇక్కడ నిలిచేది. పత్రం ఆ పని చేసే అర్హత ఇస్తుంది, గాయాన్ని చెరపదు. ఫలం ఎంత గొప్పదైనా దాని పక్కనే గాయాన్నీ లెక్కలో రాయాలి. పతంజలి యోగసూత్రాలకు వ్యాసభాష్యం కూడా ఇదే పట్టుదల చూపుతుంది. చేపలను తప్ప దేన్నీ చంపనన్న జాలరిది అహింసే గాని హద్దులున్న అహింస, మహావ్రతం కాదు. పరిశోధనకు తప్ప గాయపరచనన్న నియమం కూడా అటువంటిదే. అది నిజమైన నియమం, విలువైన నియమం. దాన్ని సంపూర్ణ అహింస అని చెప్పుకోకూడదు.

మూడో విచారణ పాశ్చాత్య చర్చల్లో తక్కువగా వినిపించేది, బహుశా అన్నిటికన్నా లోతైనది. నొప్పి అసలే లేదనుకుందాం. అప్పుడైనా ఆ తునక ఎవరిచ్చారు? యోగ, జైన, బౌద్ధ మార్గాలు మూడూ అహింసకు తోడుగా, ఇవ్వనిది తీసుకోకపోవడాన్ని, అంటే అస్తేయాన్ని, వేరే వ్రతంగా నిలిపాయి. పళ్లు తోముకునే పుల్లనైనా యజమానిని అడగకుండా తీసుకోరాదని జైన దశవైకాలిక సూత్రం సాధువులకు నియమం పెట్టింది. దీనికి ఎదురు వాదన బౌద్ధ వినయపిటకంలోనే ఉంది. సింహం తిని వదిలిన మాంసాన్ని భిక్షువులు తీసుకున్నప్పుడు, జంతువుల అధీనంలో ఉన్నదాన్ని తీసుకుంటే దొంగతనపు దోషం లేదని బుద్ధుడు తేల్చాడు. అయితే ఆ వెసులుబాటు జంతువు దగ్గరున్న వస్తువు గురించి. చర్మం తిమింగలం దగ్గరున్న వస్తువు కాదు, తిమింగలమే. కాబట్టి నొప్పి లేదన్న రుజువు ఎంత బలపడినా, అస్తేయం అడిగే ప్రశ్న మిగిలే ఉంటుంది.

అస్తేయం ప్రశ్నతో పాటే దారి కూడా చూపుతుంది. కోత అయ్యాక పొలంలో రాలిన గింజలు ఏరుకుని బతకడాన్ని ఉంఛవృత్తి అన్నారు, బతుకుతెరువుల్లో అన్నిటికన్నా శుద్ధమైనదిగా ధర్మశాస్త్రాలు లెక్కించాయి. భారతంలో ధర్మరాజు అశ్వమేధానికి వచ్చిన ముంగిస, కురుక్షేత్రంలో అలా గింజలేరుకుని బతికిన సక్తుప్రస్థుడు అతిథికి పెట్టిన పేలపిండికి ఈ యజ్ఞం సాటి రాదంది. ఆ కథ వెనకే యజ్ఞంలో పశువధ తగునా అని ఇంద్రుడితో మునులు వాదించిన కథ వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

సముద్రంలోనూ ఏరుకోవడానికి రాలినవి ఉన్నాయి. స్పెర్మ్ తిమింగలాల చర్మం పొరలుగా ఊడుతుంటుంది, హంప్‌బ్యాక్ నీళ్లలోంచి ఎగిరి పడ్డ చోట చర్మపు పేలికలు తేలుతాయి. వాటిలోనూ డీఎన్ఏ ఉంటుంది. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు 400 కన్నా తక్కువే మిగిలాయి. వాటి మలం నారింజ రంగులో నీటిపై తేలుతుంది. దాని వాసన పట్టేందుకు శిక్షణ పొందిన కుక్కలను పడవ ముందుభాగాన నిలబెట్టి ఫండీ అఖాతంలో ఆ మలాన్ని సేకరించారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొద్దిరోజులు ఓడల రాకపోకలు తగ్గినప్పుడు ఆ అఖాతంలో నీటి అడుగున చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గింది. అదే సమయంలో దొరికిన మలంలో ఒత్తిడి హార్మోన్లు కూడా తగ్గి ఉన్నాయని 2012లో ప్రకటించారు. ఓడల రొద తిమింగలాలను నలిపేస్తోందన్న సంగతి ఒక్క గాయం లేకుండా బయటపడింది. సదరన్ రెసిడెంట్ ఓర్కాల మలాన్ని పరీక్షించిన 2017 నాటి అధ్యయనం వాటి చూళ్లలో 69 శాతం వరకు నిలవడం లేదని, తిండికి సాల్మన్ చేపలు చాలకపోవడమే ప్రధాన కారణమని చూపింది. డ్రోన్లు తిమింగలం చిమ్మే ఊపిరి తుంపరలను పళ్లెంలో పట్టి తెస్తున్నాయి. ఓర్కాలు వెళ్లిపోయిన రెండు గంటల వరకు కూడా ఆ నీటిలో వాటి డీఎన్ఏ దొరుకుతుందని 2018లో తేలింది.

ఏరుకున్న వాటితో అన్నీ తెలియవు, ఇది ఒప్పుకుని తీరాలి. కొవ్వులో పేరుకున్న విషాల లెక్క మలం సరిగా చెప్పలేదు. నీటిలోని డీఎన్ఏ ఏ తిమింగలానిదో విడదీయడం కష్టం. రాలిన చర్మం కావలసిన జంతువుదే దొరుకుతుందన్న హామీ లేదు. డార్టుకు చోటు ఈ మిగిలిన ప్రశ్నల్లోనే.

చట్టాలు ఈ విచారణలో చాలా దూరం వచ్చాయి. 1972 నాటి భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అన్నదాని పరిధిలోకి జంతువును గాయపరచడాన్నీ, దాని ఒంటిలోని ఏ భాగాన్నైనా తీసుకోవడాన్నీ చేర్చింది. తిమింగలాలు మొదటి షెడ్యూల్లో ఉన్నందున పరిశోధన కోసమైనా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి, దానికి ముందు కేంద్రప్రభుత్వ సమ్మతి కావాలి. సాంఖ్యులకు నచ్చే చట్టమిది. పని చేయనిస్తుంది, కాని దాన్ని వేట వరసలోనే నిలిపి ఉంచుతుంది. అమెరికాలో అదే ఏడాది వచ్చిన సముద్ర క్షీరదాల చట్టం సాధ్యమైనంత తక్కువ బాధ కలిగించే పద్ధతినే మానవీయమైనదిగా గుర్తిస్తుంది. న్యూజీలాండ్‌లో పరిశోధన అనుమతులకు ముందు తిమింగలాలను తమ నిధిగా, పూర్వీకులుగా భావించే మావోరీ తెగలను సంప్రదిస్తారు. 2024 మార్చిలో మావోరీ రాజు, కుక్ దీవుల పెద్దలు తిమింగలాలను చట్టం ముందు వ్యక్తులుగా గుర్తించాలని ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. తిమింగలం సంతకం పెట్టలేకపోయినా దాని తరఫున కాదనగల మనుషులు ఉండాలన్నది ఆ ఆలోచన. మిగతా దేశాలు నేర్చుకోవలసింది ఇదే.

ప్రాయశ్చిత్తం అన్న మాటకు ఇక్కడ మంత్రాలు అక్కర్లేదు. శాస్త్రవేత్తలు రస్సెల్, బర్చ్ 1959లో జంతు ప్రయోగాల కోసం చెప్పిన మూడు నియమాలు, అంటే వీలైతే మానడం, మానలేకపోతే తగ్గించడం, తగ్గించినదాన్ని మృదువుగా చేయడం, అందులో మొదటి భాగం. తీసిన తునకలో రవ్వంత కూడా వృథా చేయకపోవడం, మిగిలింది భద్రపరచడం, అడిగిన పరిశోధకులతో పంచుకోవడం రెండోది. గురి తప్పిన డార్టులు, బెదిరిన తిమింగలాలు, మానని పుళ్లు అన్నిటినీ బహిరంగంగా ప్రకటించడం మూడోది, చాలామంది ఎగ్గొట్టేదీ అదే. ఆ డాల్ఫిన్ చావును దాచకుండా రాసినవారు ఆ బాకీ తీర్చుకున్నారు. అనుమతి ఇచ్చే అధికారులు ఈ మూడూ అడగాలి. రాలిన చర్మంతోనో, మలంతోనో, ఏదో ప్రయోగశాల ఫ్రీజర్‌లో ఇప్పటికే ఉన్న తునకతోనో జవాబు దొరికే ప్రశ్న కోసం కొత్త డార్టుకు అనుమతి ఇవ్వకూడదు.